స్లో కుక్కర్‌లో సాసేజ్ క్యాబేజీ: తక్కువ ఖర్చుతో రాత్రి భోజనం ఎలా చేయాలి

“అక్కా, మా తమ్ముడు అమెరికా నుంచి స్లో కుక్కర్ తెచ్చిండు. అటక మీద పడి ఉంది. దాంట్ల మనకు పనికొచ్చేది ఏమన్న వండొచ్చా?” మిర్యాలగూడ, సూర్యాపేట, వనపర్తి, జడ్చర్ల... ఊరు మారుతుంది గానీ అడిగేది ఇదే. స్లో కుక్కర్ అంటే సన్నటి వేడి మీద గంటల తరబడి నెమ్మదిగా ఉడికించే కరెంటు కుక్కర్. ఇక రెండో రకం వాళ్లున్నారు. “వీడియో చూసి సాసేజ్, క్యాబేజీ వేసినం. కూర అనుకుంటే చారు అయింది. సాసేజ్ రబ్బరు ముక్క లెక్క సాగుతున్నది.” ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను.

ఆ వీడియోల్లో వాడేది పోలండ్ పద్ధతిలో చేసిన పొగబెట్టిన సాసేజ్. అమెరికాలో దాన్ని కీల్బాసా అంటారు. లావుగా, కొవ్వు పట్టి, బిగువుగా ఉంటుంది. గంటల తరబడి ఉడికినా తట్టుకుంటుంది. మనకు ఫ్రీజర్లో దొరికే చికెన్ సాసేజ్ వేలంత సన్నగా, మెత్తగా ఉంటుంది. చాలావరకు కంపెనీలోనే ఉడికించి ప్యాక్ చేస్తారు. దాన్ని పొద్దున వేసి సాయంత్రం తీస్తే ఉబ్బి, చీలి, ఉన్న రుచంతా నీళ్లకు వదిలేస్తుంది. ఇక క్యాబేజీ తూకంలో 90 శాతానికి పైగా నీళ్లే. స్లో కుక్కర్ మూత ఆవిరిని బయటికి పోనివ్వదు, అంతా మళ్లీ గిన్నెలోకే కారుతుంది. కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సినవి రెండే: నీళ్లు అరకప్పు మించి పోయొద్దు, సాసేజ్ చివరి గంటలోనే వేయాలి. ఈ రెండూ పాటిస్తే మిగతా వంటలో చేయి కాస్త అటూ ఇటూ అయినా పాడయ్యేదేం లేదు.

ముందు ప్లగ్గు సంగతి

కుక్కర్ అమెరికా నుంచి వచ్చిందైతే, దాన్ని తిరగేసి అడుగున ఉన్న చీటీ చదవండి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటే మన గోడ ప్లగ్గులో నేరుగా పెట్టొద్దు. మన ఇంటికి వచ్చేది 230 వోల్టులు. వోల్టేజి రెట్టింపుకు దగ్గరైతే లోపలి కాయిల్ లాగే పవర్ దాదాపు నాలుగింతలవుతుంది. 200 వాట్ల కుక్కర్ 700 వాట్లు దాటిపోతుంది. కాయిల్ కాలిపోతే అదృష్టం, నిప్పంటుకుంటే ఇల్లే పోతుంది. చవగ్గా దొరికే పిన్ను మార్చే అడాప్టర్ ఆకారం మారుస్తుంది, వోల్టేజి తగ్గించదు. “అడాప్టర్ పెట్టినం గదా” అనేవాళ్లే ఎక్కువ కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

అది వాడాలంటే 230 నుంచి 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కుక్కర్ వాట్లకు రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోండి, ఎందుకంటే అది గంటల తరబడి ఆగకుండా నడవాలి. 250 వాట్ల కుక్కర్‌కు 500 వాట్లది. వాడేటప్పుడు దాని మీద గుడ్డ కప్పొద్దు, గోడకు ఆనించొద్దు. నన్నడిగితే ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టే డబ్బుకు ఇంకొంత కలిపి 220–240 వోల్టుల కుక్కర్ ఇక్కడే కొనుక్కోవడం మేలు. తమ్ముడు తెచ్చింది తమ్ముడికే తిరిగి పంపండి.

కరెంటు బిల్లు భయం పెద్దగా అక్కర్లేదు. 200 వాట్ల కుక్కర్ ఏడు గంటలు నడిస్తే 1.4 యూనిట్లు. తెలంగాణలో నెలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి సున్నా బిల్లు వస్తున్నవాళ్లు మాత్రం ఒక లెక్క చూసుకోండి. నెలకు ఎనిమిదిసార్లు వండితే 11 యూనిట్లు చేరతాయి. ఎండాకాలం కూలర్ తిరిగి మీటరు 190 దగ్గర ఆడుతుంటే, 200 దాటాక నెల బిల్లు మొత్తం కట్టాల్సి వస్తుంది. అప్పుడు ఈ చవక వంట చవక కాదు.

గ్యాస్ మిగులుతుందని చెప్పి ఎవరైనా దీన్ని కొనమంటే నమ్మొద్దు, ప్రెషర్ కుక్కర్ కన్నా పొదుపైనది లేదు. దీంతో మిగిలేది పొయ్యి దగ్గర నిలబడే మీ సమయం.

ఏమేం కావాలి

నలుగురికి, మూడున్నర లీటర్ల కుక్కర్‌కు ఈ కొలతలు:

- క్యాబేజీ ఒకటి, 800 గ్రాముల నుంచి కిలో లోపు. చేత్తో నొక్కితే గట్టిగా, బరువుగా ఉండాలి
- చికెన్ సాసేజ్ 500 గ్రాములు (సగంతో ఎలా నెట్టుకురావాలో కింద చెప్పాను)
- ఆలుగడ్డలు 400 గ్రాములు, అంటే మధ్యరకంవి మూడు నాలుగు
- ఉల్లిగడ్డలు రెండు పెద్దవి
- ఎల్లిగడ్డ రెబ్బలు ఎనిమిది, చితక్కొట్టినవి
- ఎండుమిరపకాయలు మూడు, పచ్చిమిర్చి రెండు
- జీలకర్ర ఒక చెంచా, షాజీరా అర చెంచా
- మిరియాలు ఒక చెంచా, కచ్చాపచ్చాగా దంచినవి
- పసుపు చిటికెడు, ఉప్పు ముప్పావు చెంచా
- పల్లి నూనె రెండు పెద్ద చెంచాలు
- వేడినీళ్లు అరకప్పు
- నిమ్మకాయ సగం, కొత్తిమీర గుప్పెడు

షాజీరా అంటే బిర్యానీకి వేసేదే. యూరప్‌లో క్యాబేజీ వంటల్లో కారవే గింజలు వేస్తారు. వాటి రుచికి మన షాజీరా చాలా దగ్గర, క్యాబేజీ వాసనను కూడా కాస్త అణుస్తుంది. లేకపోతే అర చెంచా వాము వేయండి.

ఖర్చు విషయానికొస్తే, చలికాలంలో అంగడికి క్యాబేజీ కుప్పలుగా దిగినప్పుడు కూరగాయలన్నీ కలిపి 70, 80 రూపాయల్లో వస్తాయి. జేబుకు చిల్లు పెట్టేది సాసేజే. 500 గ్రాముల ప్యాకెట్ కంపెనీని బట్టి 200 నుంచి 300 దాకా పోతుంది. ఖర్చు తగ్గించాలంటే కత్తెర వేయాల్సింది అక్కడ. 250 గ్రాములే కొని, దాన్ని ఏటవాలుగా పలచని బిళ్లలుగా కోసి, పెంక మీద ఎర్రగా కాల్చి వేయండి. కాలిన అంచులు ఎక్కువయ్యేకొద్దీ రుచి ఎక్కువ ముక్కలకు పడుతుంది. తగ్గిన మాంసానికి బదులు ఒక కప్పు ఉడికించిన బొబ్బర్లు కలపండి. పిల్లలు గిన్నెలో సాసేజ్ వెతుక్కుంటారు, అంతే.

సాసేజ్ కొనేటప్పుడు ప్యాకెట్‌ను చేత్తో ఒత్తి చూడండి. ముక్కలన్నీ ఒకే ముద్దగా అతుక్కుపోయి, లోపల మంచు పలుకులు గడ్డకట్టి ఉంటే అది ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన సరుకు. కరెంటు పోయి వచ్చే చోట ఇది మామూలే, ఆ ప్యాకెట్ వదిలేయండి. హైదరాబాద్ నుంచి తెచ్చుకుంటే నల్లగొండకైనా మహబూబ్‌నగర్‌కైనా బస్సులో రెండు గంటల పైమాటే. చల్లదనం నిలిపే సంచిలో ఐసుతో పెట్టి తేవాలి. చికెన్ అని పేరున్నా లోపల ఏం కలిపారో చీటీ మీద చదవండి. హలాల్ గుర్తు చూసుకునేవాళ్లు అదీ అక్కడే చూసుకోవచ్చు. ‘పూర్తిగా ఉడికించినది’ అని రాసి ఉందా, ‘పచ్చిది, బాగా ఉడికించాలి’ అని ఉందా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఈ పద్ధతి మొదటిదానికి.

చేసే విధానం

1. ముందు రోజు రాత్రే సాసేజ్ ప్యాకెట్‌ను ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో గిన్నెలో పెట్టండి. గడ్డకట్టిన మాంసం నేరుగా స్లో కుక్కర్‌లో వేయొద్దు. ఈ కుక్కర్ వేడెక్కడమే నెమ్మది. మధ్యలో గడ్డ ఉంటే గిన్నె మొత్తం గంటల తరబడి గోరువెచ్చగానే ఉండిపోతుంది, క్రిములు పెరిగేది ఆ వేడిలోనే.

2. క్యాబేజీ పై ఆకులు రెండు తీసేయండి. నిలువుగా నాలుగు చేసి, ఒక్కొక్కటి మళ్లీ రెండు చేయండి. మధ్యలో ఉన్న గట్టి కాడను కోసి పారేయొద్దు, ఆకులను పట్టి ఉంచేది అదే. పసుపు, ఉప్పు కలిపిన నీళ్లలో పది నిమిషాలు ఉంచితే మడతల్లో దాగిన పురుగులు తేలతాయి. తర్వాత బోర్లించి నీళ్లు పూర్తిగా ఓడనివ్వండి. మడతల్లో నిలిచిన నీళ్లు కూడా కూరలోకే పోతాయని మరవొద్దు. పోపు కూరకు తరిగినట్టు సన్నగా మాత్రం తరగకండి. మూడు గంటల్లో గుజ్జయి, ఇల్లంతా వాసన కొడుతుంది.

3. ఆలుగడ్డలను బొటనవేలి మొదటి కణుపంత ముక్కలుగా కోయండి. చెక్కు తీయాల్సిన పని లేదు, మట్టి పోయేదాకా రుద్ది కడిగితే చాలు. స్లో కుక్కర్‌లో క్యాబేజీ కన్నా, మాంసం కన్నా ఆలస్యంగా ఉడికేది ఆలుగడ్డే. ముక్కలు పెద్దవైతే అన్నీ అయిపోయాక అవి మాత్రం పలుకుగా మిగులుతాయి.

4. పెంకలో నూనె వేడిచేసి జీలకర్ర, షాజీరా, ఎండుమిర్చి, ఎల్లిగడ్డ, ఉల్లిగడ్డ చీలికలు, చివర్లో పచ్చిమిర్చి, పసుపు వేసి ఉల్లిగడ్డ అంచులు ఎర్రబడేదాకా వేయించండి. అమెరికా వంటకంలో ఈ మెట్టు ఉండదు, అన్నీ పచ్చివే వేసి మూత పెడతారు. మన నాలుకకు అది ఆనదు. స్లో కుక్కర్‌లో ఏదీ ఎర్రగా వేగదు, పచ్చి ఉల్లిగడ్డ వాసన చివరిదాకా అలాగే ఉంటుంది. కాబట్టి ఈ ఆరేడు నిమిషాల పని తప్పించుకోకండి. ఉల్లిగడ్డలు తీశాక పెంక కడగొద్దు, సాసేజ్‌కు మళ్లీ కావాలి.

5. కుక్కర్ గిన్నెలో అడుగున ఆలుగడ్డ ముక్కలు పరవండి. వాటి మీద పోపు, సగం ఉప్పు. అరకప్పు వేడినీళ్లు పక్క నుంచి పోయండి. పైన క్యాబేజీ ముక్కలు పేర్చి మిగతా ఉప్పు చల్లండి. గిన్నె మూడింట రెండు వంతులు నిండితే సరైన కొలత. క్యాబేజీ మూతను తోస్తుంటే నొక్కి మూయకండి. రెండు మూడు ముక్కలను పెంకలో మూత పెట్టి రెండు నిమిషాలు మగ్గించి తెచ్చి సర్దండి. టమాటా, చింతపండు, నిమ్మరసం ఇప్పుడు వద్దు, పులుపు తగిలితే ఆలుగడ్డ మెత్తబడడం ఇంకా ఆలస్యమవుతుంది.

6. మూత పెట్టి ‘హై’ మీద మూడు గంటలు, లేదా ‘లో’ మీద ఆరు గంటలు. మధ్యలో మూత తీయొద్దు. తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. గాజు మూతే కదా, తట్టి చూస్తే ఆవిరి చుక్కలు జారి లోపల కనపడుతుంది. మొదటి గంటన్నర ఏమీ జరగనట్టే ఉంటుంది, కంగారు పడకండి.

7. సమయం అయ్యాక అడుగు నుంచి ఒక ఆలుగడ్డ ముక్క తీసి చాకు మొన గుచ్చండి. ఆగకుండా దిగాలి. దిగకపోతే ఇంకో అరగంట. ఆలుగడ్డ ఉడకకముందు సాసేజ్ వేయడం వల్లే రబ్బరు కథ మొదలయ్యేది.

8. ఇప్పుడు సాసేజ్. పై పొరను గోటితో గీరి చూడండి. గోరు దిగకుండా ప్లాస్టిక్‌లా జారితే అది తినే పొర కాదు, ఒలిచేయండి. ఒక్కో సాసేజ్‌కు మూడు ఏటవాలు గాట్లు పెట్టి, అదే పెంకలో అర చెంచా నూనెతో అన్నివైపులా ఎర్రబడేదాకా మూడు నాలుగు నిమిషాలు తిప్పండి. పెంకకు అంటిన మసాలాను రెండు చెంచాల నీళ్లు చల్లి గీకి, దాంతో సహా క్యాబేజీ మీద వేసి మూత పెట్టండి. ‘హై’ మీద 40 నుంచి 45 నిమిషాలు.

9. ఆపేశాక మిరియాలు, నిమ్మరసం, కొత్తిమీర వేసి గంటెతో అడుగు నుంచి ఒక్కసారి పైకి తిప్పండి. పదేపదే కలిపితే క్యాబేజీ చెదిరిపోతుంది. ఉప్పు ఇప్పుడు చూడండి. సాసేజ్‌లో ఉప్పు బాగా ఉంటుంది, అందుకే మొదట ఉప్పు తక్కువ వేయమన్నాను.

అడుగున ఒక కప్పు దాకా పలచని రసం ఉండటం సహజం. చిక్కగా కావాలంటే నాలుగు ఆలుగడ్డ ముక్కలను గిన్నె గోడకు ఆనించి మెదిపి కలపండి, లేదా వేయించిన పల్లీల పొడి రెండు చెంచాలు వేయండి. పల్లీ పొడి వేస్తే జొన్నరొట్టెతో కూర లేచి కూర్చుంటుంది. పాలమూరు వైపు వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అన్నంతో తినేవాళ్లు రసాన్ని అలాగే ఉంచుకోండి.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది

మధ్యలో ఉన్న సాసేజ్‌ను రెండుగా కోయండి. లోపల కూడా ఆవిరి రావాలి, నాలుక మీద పెట్టుకోలేనంత వేడి ఉండాలి. వంటింటి థర్మామీటర్ ఉంటే గుచ్చి చూడండి, చికెన్‌కు 74 డిగ్రీల సెల్సియస్ దాటాలి. పచ్చి సాసేజ్ వాడితే ఈ పరీక్ష తప్పనిసరి. అలాంటిదాన్ని పెంకలో కాల్చి, చివర్లో కాకుండా మొదటి నుంచే ఆలుగడ్డల మీద పెట్టాలి. క్యాబేజీ కాడ దగ్గర గంటె అంచుతో నొక్కితే తెగాలి, ఆకులు మాత్రం ఆకులుగానే కనపడాలి. రంగు ఆకుపచ్చ పోయి లేత పసుపుకు తిరిగితే సరిగ్గా ఉంది. గోధుమరంగుకు పోతే ఎక్కువైంది, వచ్చేసారి అరగంట తగ్గించండి.

పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాళ్లకు

“చివరి గంటలో సాసేజ్ వేయమంటే, నేను అప్పుడు బస్సులో ఉంటా” అని ఒక టీచరమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కూరగాయలు మాత్రం ‘లో’ మీద పెట్టి పొండి. ఏడెనిమిది గంటలైనా పెద్ద ముక్కలుగా కోసిన క్యాబేజీ తట్టుకుంటుంది. ఇంటికొచ్చి సాసేజ్ కాల్చి వేసి ‘హై’కి తిప్పండి. మీరు కాళ్లు కడుక్కుని, చాయ్ తాగి, పిల్లల హోంవర్క్ చూసేలోపు అయిపోతుంది. అది కూడా కుదరకపోతే గాట్లు పెట్టకుండా, కోయకుండా, మొత్తం సాసేజ్‌లను కాల్చి అన్నిటికన్నా పైన, రసం తగలకుండా పెట్టి పొండి. ఉబ్బుతాయి, అయినా తినేటట్టు ఉంటాయి.

రాత్రే కోసి ఉంచుకునేవాళ్లు కూరగాయలను వేరే డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టండి. ఆలుగడ్డలు నీళ్లలో ఉంటే నల్లబడవు. కుక్కర్ పింగాణీ గిన్నెనే ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున చల్లగా ఉండగానే తీసి వేడి మీద పెడితే నిలువునా పగుళ్లిస్తుంది. అది గ్యాస్ మంట మీద పెట్టే గిన్నె కూడా కాదు.

కరెంటు కోత మన దగ్గర పెద్ద చిక్కు. మీటలు తిప్పే పాత రకం కుక్కర్ కరెంటు రాగానే మళ్లీ మొదలవుతుంది. అంకెలు కనపడే డిజిటల్ రకాల్లో చాలావాటికి కరెంటు వచ్చినా మళ్లీ నొక్కితే గానీ పనిచేయవు. మీది ఏ రకమో తెలుసుకోవడానికి ఓ సెలవు రోజు ప్లగ్గు పీకి, నిమిషం ఆగి, మళ్లీ పెట్టి చూడండి. డిజిటల్ రకం పెట్టి బయటికి పోవడం అంటే గాల్లో దీపమే. ఇంట్లో ఉండగా పోతే, అరగంటలో రాదనిపిస్తే, అంతా మామూలు గిన్నెలోకి మార్చి గ్యాస్ మీద ఉడికించేయండి. మీరు లేనప్పుడు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే, కూర చూడ్డానికి బాగున్నా పారబోయండి. 300 రూపాయలు పోతాయి. ఆసుపత్రి బిల్లు అంతకన్నా పెద్దది.

సాసేజ్ దొరకని చోట

అచ్చంపేట, దేవరకొండ వైపు చిన్న ఊళ్లలో ఫ్రీజర్ సరుకు అన్నిసార్లూ దొరకదు. దొరికినా కరెంటును నమ్మలేం. అక్కడ నేను చెప్పేవి ఇవి.

ఉడికించిన కోడిగుడ్లకు గాట్లు పెట్టి, కారం, ఉప్పుతో నూనెలో ఎర్రగా వేయించి చివరి అరగంటలో వేయండి. అన్నిటికన్నా చవక ఇదే.

ఒట్టి తునకలు ఇంట్లో ఉంటే లెక్క తలకిందులవుతుంది. ఎండిన మాంసం చివర్లో వేసేది కాదు, మొట్టమొదట అడుగున పడాలి. వేడినీళ్లలో అరగంట నానబెట్టి, ఉప్పు పోయేదాకా రెండుసార్లు కడిగి, పొయ్యి మీద పది నిమిషాలు తెర్లించి, తర్వాత ఆలుగడ్డలతో కలిపి వేయండి. నీళ్లు అరకప్పుకు బదులు ఒక కప్పు. ‘లో’ మీద ఏడెనిమిది గంటలు. ఉప్పు చివరిదాకా వేయొద్దు. నిజం చెప్పాలంటే స్లో కుక్కర్‌ను ఈ మాంసం కోసమే చేశారా అనిపిస్తుంది, సాసేజ్ దీని ముందు ఎందుకూ చాలదు. తునకల ధర చూస్తే మాత్రం ఇది చవక వంట జాబితాలోకి రాదు.

బొబ్బర్లు, శనగలు నానబెట్టి ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించాకే వేయండి. రాజ్మా అయితే మరీ జాగ్రత్త. పచ్చి రాజ్మాలో ఉండే ఒక విష పదార్థం స్లో కుక్కర్ సన్నటి వేడికి పోదు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. నానబెట్టిన నీళ్లు పారబోసి, వేరే నీళ్లలో పది నిమిషాలకు తగ్గకుండా కళపెళ ఉడికించాలి. బోరు నీళ్లు గట్టిగా ఉండే మర్రిగూడ, మునుగోడు వైపు ఈ గింజలు ఎంతకీ మెత్తబడవు. వాటికి ఫిల్టర్ నీళ్లు వాడితే తేడా మొదటిసారే తెలుస్తుంది.

స్లో కుక్కర్ లేకపోతే

చిన్న బర్నర్ మీద పాత ఇనుప పెంక, దాని మీద మందపాటి అడుగున్న గిన్నె. పైన పళ్లెం మూత పెట్టి, పళ్లెంలో నీళ్లు పోయండి. మంట ఎంత సన్నగా వీలైతే అంత. గంటా పది నిమిషాలకు ఆలుగడ్డ ఉడుకుతుంది, చివరి పది నిమిషాల్లో సాసేజ్. పళ్లెంలో నీళ్లు ఇంకితే మళ్లీ పోయండి. ప్రెషర్ కుక్కరే ఉంటే ఆలుగడ్డ, ఉల్లిగడ్డ రెండు విజిళ్లు రానిచ్చి, ఆవిరి పోయాక మూత తీసి క్యాబేజీ, సాసేజ్ వేయండి. తర్వాత విజిల్ తీసేసి ఎనిమిది నిమిషాలు సన్నమంట మీద పెట్టండి. క్యాబేజీకి విజిల్ పెట్టారంటే మీ ఇష్టం, మీ పక్కింటివాళ్ల ఇష్టం.

రైస్ కుక్కర్‌లోని ‘వార్మ్’ మీటతో ఇది చేయొచ్చా అని అడుగుతున్నారు. చేయొద్దు. అది ఉడికినదాన్ని వెచ్చగా ఉంచడానికే, పచ్చివి ఉడికించే వేడి దానికి లేదు.

మళ్లీ మళ్లీ వచ్చే ఇబ్బందులు

“నీళ్లు ఎక్కువైనయి.” మూత తీసి ‘హై’ మీద ఇరవై నిమిషాలు ఉంచండి. ఇంకా తొందరైతే రసం ఒక్కటే గిన్నెలోకి వంపి గ్యాస్ మీద మరిగించి తిరిగి పోయండి. పిండి కలిపి చిక్కన చేయకండి, జిగురవుతుంది.

“సప్పగుంది.” ఉప్పు కాదు, పులుపు తగ్గింది. ఇంకో అర నిమ్మకాయ పిండండి. అప్పటికీ లేవకపోతే ఒక చెంచా నూనెలో ఎల్లిగడ్డ, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి పైన పోయండి. గంటల తరబడి ఉడికిన మసాలాకు ఘాటు పోతుంది, దానికి విరుగుడు ఈ రెండో పోపే.

“ఇల్లంతా క్యాబేజీ వాసన.” ఎక్కువసేపు ఉడికే కొద్దీ క్యాబేజీలోని గంధకం ఉన్న పదార్థాలు బయటపడతాయి. ముక్క పెద్దగా కోయడం, సమయం తగ్గించడం తప్ప వేరే మందు లేదు. కుక్కర్‌ను కిటికీ దగ్గర పెట్టుకోండి.

“ఆలుగడ్డ అడుగున నల్లబడింది.” నీళ్లు అసలే పోయలేదన్నమాట. నేను వద్దన్నది అరకప్పు మించి. క్యాబేజీ నీళ్లు వదిలేదాకా అడుగుకు ఆ అరకప్పు కావాలి.

మిగిలితే, కడిగేటప్పుడు

మిగిలిన కూరను కుక్కర్‌లోనే వదిలేసి పడుకోవద్దు. రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి పోవాలి. ఎండాకాలం పాలమూరు వేడికి గంటలోపే. లోతు తక్కువ డబ్బాలో సర్దితే తొందరగా చల్లబడుతుంది, మూడు రోజులు ఉంటుంది. వేడి చేసేటప్పుడు గ్యాస్ మీద తెర్లే వరకు చేయండి. స్లో కుక్కర్‌లో మాత్రం మళ్లీ వేడి చేయొద్దు, కారణం మొదటి మెట్టులో చెప్పిందే. మర్నాడు పొద్దున ఈ కూరను అన్నంలో కలిపి పెంక మీద వేయిస్తే పిల్లల డబ్బాకు సరిపోతుంది.

గిన్నె పూర్తిగా చల్లారాకే నీళ్లు పోయండి. వేడి పింగాణీ మీద చల్లనీళ్లు పడితే పగులుతుంది. ప్లగ్గున్న బయటి డబ్బాను నీళ్లలో ముంచకుండా తడిగుడ్డతో తుడిస్తే చాలు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో కొన్నాళ్లకు గిన్నె లోపల తెల్లటి పొర కడుతుంది. పీచుతో గీకితే గీతలు పడతాయి. అరకప్పు వెనిగర్, రెండు కప్పుల నీళ్లు పోసి ‘లో’ మీద గంట ఉంచి, చల్లారాక మెత్తటి గుడ్డతో తుడిస్తే ఊడొస్తుంది. వెనిగర్ లేకపోతే పిండేసిన నిమ్మచెక్కలు నాలుగైదు వేసినా సరిపోతుంది.